గరాటా గుర్తుకు పడిన ఓటు

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లోళ్లకు సివిక్స్ చెప్పిన మనిషికి ఎన్నికల్లో నిలబడాలనే బుద్ధి పుట్టకూడదు. నాకు పుట్టింది. అదీ రిటైరయినాక, ఆయన పోయినాక, మెట్టు ఎక్కితే మోకాలు మూలగడం మొదలుపెట్టినాక. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దోళ్లు ఊరికే అనలేదు. ఎమ్మెల్యేకో ఎంపీకో కాదులెండి, మా ఊరి పంచాయతీలో వార్డు మెంబరుకు. నవ్వుకోండి. ఊరంతా నవ్వినాక మీరూ నవ్వితే నాకు కొత్తగా పోయేదేముంది?

మా ఊరు కోయిలకుంట్లకు దగ్గర. నేను పుట్టింది మాత్రం వేంపల్లెలో. ఆడ మా నాయనది కిరాణా అంగడి, ఈడ మా మామది కిరాణా అంగడి. ఒక ఉప్పు బస్తా పక్క నుంచి లేచి ఇంకో ఉప్పు బస్తా పక్కకు కాపురానికి వచ్చినాను. కాలేజీలో ఉద్యోగం వచ్చినప్పుడు మా అత్త మూతి ముడుచుకునింది. నెల తిరక్కుండానే అంగడికి చింతపండు కోసం వచ్చిన ప్రతి మనిషికీ "మా కోడలు లెచ్చరరు" అని ఆమే చెప్పుకునింది. పిల్లలు కలగలేదు. అత్తామామా పోయినారు, ఆఖరికి ఆయనా పోయినాడు. అంగడికి తాళం పడింది. అంత పెద్ద ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలినాను.

ఒంటరితనం గురించి పెద్ద మాటలు చెప్పడం నాకు చేతకాదు. పొద్దున పాలోడు వస్తే "అర్ధ లీటరు చాలప్పా" అంటాను. మళ్లీ నోరు తెరిచేది మరుసటి పొద్దున, మళ్లీ "అర్ధ లీటరు చాలప్పా" అనడానికే. ఒక్కోరోజు నా గొంతు నాకే కొత్తగా వినపడేది. క్లాసులో నూరుమంది మీద అరిచిన గొంతు ఇదేనా అని నవ్వొచ్చేది, నవ్వి చెప్పుకోవడానికి మనిషి లేక మళ్లీ ఊరుకునేదాన్ని.

మా ఇంటి ఎదురుగా, వీధి మొగదల, పంచాయతీ నీళ్ల ట్యాంకు ఉంది. దానికి నాలుగు కొళాయిలు. సాయంత్రం నీళ్లు వదిలే వేళకు వీధిలో ఆడోళ్లందరూ బిందెలతో చేరుతారు. మా ఇంట్లో బోరు ఉంది, నాకు ఆ నీళ్లతో పని లేదు. అయినా బిందె చంకన పెట్టుకొని పోయేదాన్ని. ఎవరి కోడలు అలిగింది, ఎవరింట్లో సంగటి అడుగంటింది, ఎవరి శనగచేలో పురుగు పడింది, అన్నీ ఆడ తెలిసేవి. నిండిన బిందె ఇంటికి తెచ్చి మందారం చెట్టుకు పోసేదాన్ని. రోజు మొత్తంలో నేను మనిషినని నాకు తెలిసే వేళ అదొక్కటే.

కడపలో మా చెల్లెలుంది. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "పైగది ఖాళీగా ఉండాది కదక్కా. ఆ ఊర్లో నీకు ఎవరుండారని? ఎవర్ని చూసుకొని ఆడ పడుండావు?" ఎవరూ లేరని చెప్పడానికి నోరు రాదు, ఉన్నారని చెబితే అబద్ధం. "చూస్తాంలే" అని పెట్టేసేదాన్ని. నలభై ఏళ్లు ఒక వీధిలో బతికినాక కూడా ఆ వీధి నాదో కాదో తెలియకపోవడం ఎంత సిగ్గు!

అట్లాంటప్పుడు పంచాయతీ ఎన్నికలు వచ్చినాయి. మా ప్రాంతంలో వర్గాలు రెండు, కాబట్టి మా వార్డుకు మనుషులు ఇద్దరు. ఒకాయన కాంట్రాక్టు పనులు చేసేవాడు. మెంబరయితే ఉపసర్పంచ్ అవుతానని, అయిన మరునాడే మా ట్యాంకు పడగొట్టించి తన సందులో తన వాకిలి ముందర కొత్తది కట్టించుకుంటానని టీ అంగడి కాడ ఆయనే చెప్పుకున్నాడు. రెండో ఆయన్ను మంచోడని చెప్పలేను, చెడ్డోడనీ చెప్పలేను. టీ అంగడి బెంచీ మీద కూర్చున్నాడంటే పొద్దు గూకేదాకా లేవడు. ట్యాంకు జోలికి మాత్రం పోడు. అసలు ఏ జోలికీ పోడు.

"ఇద్దరూ దండగే. నువ్వు నిలబడరాదా మేడమ్?" అని కొళాయి కాడ ఒకామె అనింది. "సదువుకున్నదానివి, ఏ వర్గమూ కాదు. తిని దాచిపెట్టడానికి నీకు పిల్లా జెల్లా?" ఆ చివరి మాట చురుక్కుమనింది గానీ మిగిలిన ఆడోళ్లంతా "అవును మేడమ్, నువ్వైతే మా ట్యాంకు మాకు ఉంటాది. నీకే ఏస్తాం" అని బిందెల మీద చేతులేసి ఒట్లు పెట్టుకున్నారు. ఇన్నాళ్లకు నన్నొకరు అడిగినారు కదా అని నా కడుపు నిండిపోయింది. నామినేషన్ వేసినాను.

వేసినాక ఇంటికొచ్చి నాలో నేను ఒకటి అనుకున్నాను. గెలుపు సంగతి తరువాత. నా రెండు చేతుల వేళ్లకు సరిపడా మందైనా, లోపల ఎవరూ చూడని చోట, ఈమె మా మనిషి అని నా గుర్తు మీద ముద్ర గుద్దితే, ఈ ఊర్లోనే ఉంటాను, ఈడనే పోతాను. గుద్దకపోతే కడప పైగదికి పోతాను. ఊరికి అది వార్డు ఎన్నిక. నాకు అది నేనుండాలా పోవాలా అనే ఎన్నిక. ఈ మాట చెల్లెలికి కూడా చెప్పలేదు.

గుర్తులు ఇచ్చినారు. కాంట్రాక్టరుకు బీరువా. బెంచీ మనిషికి స్టూలు. "దేవుడు చూసి ఇచ్చినాడప్పా" అని అందరూ పడిపడి నవ్వినారు. నాకు గరాటా. అంగడోళ్ల ఇంటి కోడలికి నూనె పోసే గరాటా! "శెట్టెమ్మకు తగిన గుర్తే" అని నన్నూ వదల్లేదు. నేనూ నవ్వినాను, నిజంగానే నవ్వొచ్చింది.

ఇప్పుడు మీరు అడగొచ్చు, ముగ్గురు నిలబడితే మూడోవాళ్లకు ఏమవుతుందో సివిక్స్ మేడమ్‌కు తెలియదా అని. తెలుసు. బాగా తెలుసు. ఏటా సెకండియర్ పిల్లోళ్లకు ఆ పాఠం నేను పుస్తకం మూసేసి చెప్పేదాన్ని. "విహారయాత్రకు యాడికి పోదాం? మహానందా, బెలుం గుహలా, గండికోటా? చేతులెత్తండి" అనేదాన్ని. గుహలకు కొన్ని చేతులు, కోటకు కొన్ని చేతులు లేచేవి. మహానందికి వాటికంటే నాలుగు ఎక్కువ లేచేవి. సరే మహానందికే పోదాం అంటే క్లాసంతా గోల! కార్తీకమాసం వస్తే అవ్వలు పట్టుకుపోయి ఆ కోనేట్లో ముంచి తీసే చోటికి మళ్లీనా అని. గుహలోళ్లకూ వద్దు, కోటోళ్లకూ వద్దు. సగం కంటే ఎక్కువ మందికి వద్దన్నదే గెలిచింది. "ఎందుకు గెలిచింది?" అని అడిగేదాన్ని. "మా ఓట్లు చీలినాయి మేడమ్" అని ఒకరో ఇద్దరో చెప్పేవాళ్లు.

"అయితే మళ్లీ ఎత్తండి" అంటే కోటోళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకొని, ఇష్టం చంపుకొని, గుహలకు చేతులెత్తేవాళ్లు. అదీ పాఠం. మనకు ఇష్టమైనదానికి కాదు, గెలిచేవాటిలో నయమైనదానికి వెయ్యడం. ఒక్కరే గెలిచే పోటీలో చివరికి రెండు కుప్పలే మిగులుతాయి, మూడో కుప్ప తనంతట తానే కరిగిపోతుంది. ముగ్గురో అంతకంటే ఎక్కువమందో ఉన్నప్పుడు, మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడు ఎప్పుడూ నష్టపోకుండా ఉండే ఓటు పద్ధతి లోకంలో లేదని, ఒక్కడి పెత్తనం తప్ప వేరే దారి లేదని లెక్కలు వేసి నిరూపించిన పండితులున్నారు. ఆ పెత్తనం పద్ధతి మా సీమకు పండితులు చెప్పాల్సిన పని లేదనుకోండి. ఈ పాఠం చెబుతుంటే పిల్లోళ్ల కళ్లల్లో వెలుగు చూసి నేను మురిసిపోయేదాన్ని. చేతులు దించుకున్న పిల్లోళ్ల మొహాలు ఎట్లుండేవో మాత్రం నాకు ఇప్పుడు గుర్తు లేదు.

ఇంట్లో ఇంకో పాఠం ఉండేది, అది మా ఆయనది. రెండు వర్గాలోళ్లకూ మేం ఉప్పూ పప్పూ అమ్మాల. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకని పోలింగు రోజు వాకిట్లో చెప్పులేసుకుంటూ ఆయన పంచిపెట్టేవాడు: "నీది అటు, నాది ఇటు. ఎవురొచ్చినా అంగడికి ఢోకా లేదు." ఈ వర్గమోళ్లు అడిగితే మా ఇంట్లో ఓటు మీకు పడిందని చెప్పొచ్చు, ఆ వర్గమోళ్లు అడిగినా చెప్పొచ్చు, రెండూ నిజమే. మా ఊర్లో అంగళ్లు పెట్టుకున్న ఇండ్లన్నీ ఇట్లనే చేసేవి. పెళ్లయిన నాటి నుంచీ ప్రతి ఎన్నికల్లో నా ఓటును ఆయన ఓటు కొట్టేసింది, ఆయన ఓటును నా ఓటు కొట్టేసింది. ఇంటికొచ్చి ఇద్దరం మజ్జిగ తాగేవాళ్లం. ఆయన పోయినాక వచ్చిన మొదటి ఎన్నికలు ఇవే. నా ఓటును కొట్టేసే మనిషి లేడని అప్పుడు తట్టింది. ఏడుపొచ్చింది. ఎవరైనా వింటే పిచ్చిదంటారు.

సరే, ప్రచారం. మా వైపు ఆడమనిషి ఓటు అడగాలంటే కుంకుమ భరిణె పట్టుకొని పోవాల. గడపలో నిలబడి, ఇంటామె నుదుట బొట్టు పెట్టి, "నాకే ఎయ్యాల మ్మే" అని అడగాల. బొట్టు పెట్టించుకున్నాక కాదనడానికి ఆడోళ్లకు మనసొప్పదు. కాంట్రాక్టరు పెండ్లాం అట్లనే తిరిగింది, స్టూలాయన కోడలూ అట్లనే తిరిగింది. నేను భరిణె పట్టుకొని పోతే? మొగుడు పోయిన ఆడది పొద్దున్నే గడపలోకి వచ్చి బొట్టు పెడతానంటే ఎవురొప్పుకుంటారు? సివిక్స్ పుస్తకంలో సమాన హక్కులున్నాయి. గడపల కాడ లేవు. నేను ఉత్త చేతులతో తిరిగినాను. చేతులు ఏం చేసుకోవాలో తెలియక కొంగు పట్టుకొని నిలబడేదాన్ని. ఒకామె అలవాటు కొద్దీ నుదురు ముందుకు వంచి, గుర్తొచ్చి, సర్దుకొని, "కూర్చో మేడమ్, కాఫీ తాగు" అనింది. తాగలేకపోయినాను.

అయితే ఎవరూ నన్ను కసురుకోలేదు. అందరూ మంచోళ్లే, అదే నా ఖర్మ. "నీకే ఎయ్యాలని ఉండాది మేడమ్" అంటారు. అని, గొంతు తగ్గించి, "కానీ ఓటు మురిగిపోతాది కదా" అంటారు.

మురిగిపోతుందంట! ఓడిపోయేవాళ్లకు వేసే ఓటుకు మనోళ్లు పెట్టిన మాట అది. నిలవ నీళ్లు మురిగినట్టు మురుగుతుందంట. వానచుక్క కోసం మొగం వాచే సీమలో, బిందె నీళ్లకు జుట్లు పట్టుకునే సీమలో, మురగడానికి నీళ్లు యాడున్నాయబ్బా? ఈ మాటను ఎవడు తెచ్చి వీళ్ల నోట్లో పెట్టినాడో నాకు తెలియదు. ఒకామెతో వాదన పెట్టుకున్నాను కూడా. "మీరందరూ మురిగిపోతుందని మానుకుంటే కదా మురిగేది? అందరూ వేస్తే యాడ మురుగుతుంది?" అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది. "నేనేస్తా మేడమ్. ఆ యమ్మ ఎయ్యాల కదా?" అని పక్కిల్లు చూపించింది. పక్కింట్లో అడిగితే ఆ యమ్మ ఇంకో ఇల్లు చూపించింది. నలుగురితో నారాయణ. ఆ నలుగురూ ఎవరంటే ఎవరికీ తెలియదు. ఒక్కొక్కరి మనసులో నేను ఉన్నాను, అందరి మనసుల్లో మాత్రం లేను.

ఒక్క గడపలో మాత్రం ఈ మాట వినలేదు. మా పక్కింటామె. నా ఈడుదే, సేద్యం చేసుకునే ఇల్లు. మధ్య గోడ ఒకటే అయినా మా ఇద్దరికీ మాటలు తక్కువ. ఆమె మొగుడు కాంట్రాక్టరు మనిషి, పోలింగులో ఆయన తరపున ఏజెంటుగా కూర్చునేది ఈయనే. నేను పోయేసరికి ఆయన లోపల మంచం మీద ఉన్నాడు. ఆమె వాకిలికి అడ్డంగా నిలబడి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "సరే మేడమ్" అనింది. అంతే, రమ్మనలేదు, కూర్చోమనలేదు. ఈ ఇల్లు మనది కాదులే అని వచ్చేసినాను.

పోలింగు మా ఊరి బడిలో. పొద్దున్నే లైన్లో నిలబడినప్పుడే గుసగుసలు మొదలైనాయి. బీరువా గెలుస్తాండాదంట, నాలుగైదు ఓట్లే తేడా అంట, స్టూలు గట్టిగా ఉంటే గానీ ట్యాంకు నిలవదంట. నా ముందరున్న ఆడోళ్లు నన్ను చూసి మాట ఆపేసినారు. నాకు ఓట్లు వెయ్యరని అప్పుడే తెలిసిపోయింది. కోపం రాలేదు. వాళ్లు చేస్తున్నది నేను చెప్పిన పాఠమే.

వేలికి సిరా పెట్టినారు, కాగితం ఇచ్చినారు, ముద్ర చేతికిచ్చినారు. అట్ట అడ్డం పెట్టిన బల్ల ముందర నిలబడినాను. కాగితం మీద బీరువా ఉంది, స్టూలు ఉంది, కింద గరాటా ఉంది. గరాటా బొమ్మ శానా చిన్నగా ఉంది. దాన్ని చూస్తా నిలబడినాను. నేను గెలవను, అది ఖాయం. నా ఓటు నాకు వేసుకుంటే సంబరం తప్ప ఒరిగేదేమీ లేదు. నాలుగైదు ఓట్ల తేడా అంటున్నారు. ఒకవేళ ఒక్క ఓటుతో బీరువా గెలిస్తే? ట్యాంకు పోతుంది. ట్యాంకు పోతే ఆ సాయంత్రాలు పోతాయి. గుడ్డి కంటే మెల్ల మేలు. ముద్ర తీసుకొని స్టూలు మీద గుద్దినాను. అబద్ధమెందుకు, లోపల కొంచెం గర్వం కూడా కలిగింది. అభిమానం పక్కన పెట్టి బుద్ధితో ఓటేసినానని, చెప్పిన పాఠం చేసి చూపించినానని.

లెక్కింపు అదే బడిలో, మధ్యాహ్నం పోలింగు అయిపోయినాక. పిల్లోళ్ల బల్లలు జరిపి వార్డు కాగితాలు కుప్పలు పోసినారు. నేను కిటికీ పక్క బెంచీ మీద కూర్చున్నాను. స్టూలు కుప్ప పెరుగుతా పోయింది. బీరువా కుప్ప దానికి శానా దూరంలో ఆగిపోయింది. నాలుగైదు ఓట్ల తేడా ఏంది, స్టూలాయన దాదాపు రెట్టింపుతో గెలిచినాడు. నేను వేసిన ఓటు ఆయనకు అవసరమే లేదు. కుప్ప చూస్తే నాకర్థమైంది. ఆ ఎక్కువొచ్చిన ఓట్లు ఆయనవి కావు. బిందెల మీద ఒట్లు పెట్టినవాళ్లందరివీ. వాళ్లంతా ఒకర్నొకరు నమ్మి ఉంటే ఆ కుప్ప నా బల్ల మీద ఉండేది. ఎవరికి వాళ్లు విడివిడిగా తెలివిగా ఆలోచించుకొని, అందరూ కలిసి బెంచీ మనిషిని గెలిపించినాం. అందులో నేనూ ఉన్నాను.

"గరాటా," అని ఆఫీసరు కాగితం ఎత్తి పట్టుకొని చుట్టూ చూసినాడు. "ఒకటి."

నవ్వులు. "మేడమ్ ఓటు మేడమే ఏసుకునిందిలేప్పా, ఇంకేముండాది" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఇంకా గట్టిగా నవ్వినారు. నేనూ నోరు నవ్వినట్టు పెట్టినాను. ఆ ఓటు నాది కాదు. సున్నా అని వింటే తట్టుకోవడానికి సిద్ధపడి కూర్చున్నదాన్ని, ఒకటి అని వింటే తట్టుకోలేకపోయినాను. ఎవరో ఒక్కరు, ఈ ఊర్లో, ఆ అట్ట వెనక నిలబడి, ఇది మురిగిపోతుందని తెలిసీ, నా గుర్తు మీద ముద్ర గుద్దినారు.

ఎవరు? ఆ రోజు నుంచి నాకు అదే పని. కొళాయి కాడ ప్రతి మొగమూ చూసేదాన్ని. ఈమెనా? ఆ ముసలామెనా? అడగడానికి లేదు. నాకు ఓటేసింది ఎవరమ్మా అని నోరు తెరిచినానంటే, మరి నీ ఓటు ఏమైందని అడుగుతారు. ఆ ఓటు నాదని చెప్పుకొని ఎవరూ ముందుకు రారు, ఎందుకంటే అది నాదేనని ఊరందరికీ తెలుసు. ఇంకా నలుగురు "నేను నీకే ఏసినా మేడమ్, ఆ లెక్కపెట్టేటోళ్లే తారుమారు చేసినారు" అని వచ్చి చెప్పినారు కూడా. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాయం! వాళ్ల మొగాలు చూస్తేనే తెలుస్తుంది. నాకు నిజంగా వేసిన మనిషి మాత్రం గొంతు విప్పలేదు.

వెతికి వెతికి విసుగొచ్చింది. విసుగొచ్చినాక ఇంకో ఆలోచన వచ్చింది. పోలింగులో చెయ్యి జారి ముద్ర కిందికి పడుంటుంది. చూపు ఆనని ఏ అవ్వో స్టూలనుకొని గరాటా మీద గుద్దుంటుంది. అంతే అయ్యుంటుంది, ఇంకేముంటుంది? అట్ల అనుకుంటే మనసుకు నిమ్మళంగా ఉండింది. రెండు చేతుల వేళ్లకు సరిపడా కావాలనుకున్నాను కదా, పొరపాటున పడిన ఒక్కటి చేతిలో పెట్టుకొని నేనీ ఊర్లో ఏం చేసేది? ట్యాంకు నిలిచింది, నిజమే. కానీ కొళాయి కాడ ఇప్పుడు నేను పోతే ఒక క్షణం మాటలు ఆగేవి. నన్ను చూస్తే వాళ్లకు సిగ్గు, వాళ్లను చూస్తే నాకు సిగ్గు. చెల్లెలికి ఫోన్ చేసి "వస్తానే" అన్నాను. అది ఏడ్చింది సంతోషంతో. ఇల్లు కోయిలకుంట్లలో ఎరువుల వ్యాపారం చేసే ఆయనకు అమ్మడానికి మాట్లాడేసినాను. మినీ వ్యాను చెప్పినాను.

వ్యాను రావడానికి ముందు రోజు మధ్యాహ్నం, గిన్నెలు గోనెసంచుల్లో సర్దుతుంటే, పక్కింటామె వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె మా ఇంటి నడవలోకి వచ్చింది అదే మొదటిసారి. మొగుడు నంద్యాలకు పోయినాడంట. నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"పోతాండావంట కదా."

"అవునమ్మా. ఈడ నాకెవరుండారు?" అన్నాను.

ఆమె మొగం ఎర్రబడింది. "ఆ ఓటు నాది" అనింది.

నేను చేతిలో చెంబు కింద పెట్టినాను.

"మొదట నాది చెల్లకుండా పోయిందనుకుంటి" అని ఆమె చెప్పుకుంటూ పోయింది. "నీది ఒకటి పడింది, నాది ముద్ర సరిగ్గా పడక పారేసినారు అనుకుంటి. సదువు రానిదాన్ని, ఎట్ల గుద్దినానో ఏమో అని నాలో నేను శానా బాధపడితి. మొన్న బువ్వ తింటా మా ఆయన అనె, మన వార్డులో చెల్లని ఓటు ఒక్కటి కూడా లేదని. అప్పుడు తెలిసె. ఆ ఒక్కటీ నాదే. మరి నీది యాడికి పోయింది మేడమ్?"

నా నోటికి వచ్చింది పాఠమే. "నేను గెలవనని తెలుసు కదమ్మా. ట్యాంకు పోతుందేమోనని... నాకు వేసుకుంటే మురిగిపోతుందని..."

"గెలుస్తావని ఏసినానా నేను?" అనింది. గొంతు పెంచలేదు. "మా ఆయన ఆడ ఏజెంటుగా కూచోనుండాడు. ఆ మనిషికి తెలిస్తే నన్ను ఇంట్లో ఉండనిస్తాడా? గోడకు అటు పక్క మనిషి అలికిడి ఉంటే నాకు ధైర్యం. పొద్దున్నే నువ్వు పాలోనితో మాట్లాడేది ఇనపడితే, ఆఁ లేచింది అనుకుంటా. నువ్వు ఈడ ఉండాలని ఏసినా. నువ్వేమో నీకే ఏసుకోకపోతివి."

ఆమె తలుపు దగ్గరికి లాగి పోయింది. నేను ఆమె వెనక పోయి చెయ్యి పట్టుకోవాల్సింది. గోనెసంచుల మధ్య అట్లనే కూర్చున్నాను. తెల్లారి వ్యాను వచ్చింది, సామాను ఎత్తినారు, నేను ముందర సీట్లో ఎక్కి కడపకు వచ్చేసినాను. వ్యాను కదిలేటప్పుడు పక్కింటి తలుపు వేసే ఉంది.